ఇంటి గాలిని కొలిచేదెవరు?

తార్నాక నుంచి ఉప్పల్ దాకా వున్న రోడ్డుకు 'సైన్సు రోడ్డు' అని పేరు పెట్టినా తప్పు లేదు. ఒకవైపు ఐ.ఐ.సి.టి., సి.సి.ఎం.బి.; మధ్యలో 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ, అంటే మనందరి నోట్లో నలిగే ఎన్.జి.ఆర్.ఐ. దాని పేరుతో ఇప్పుడు మెట్రో స్టేషను కూడా వుంది. ఇంకా ముందుకు పోతే సర్వే ఆఫ్ ఇండియా. నాచారం, మల్లాపూర్ల మీదుగా పైకి పోతే 1971లో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు, ఆ పక్కనే ఇ.సి.ఐ.ఎల్. వెనక్కి తిరిగి చూస్తే మన ఉస్మానియా. ఇన్ని ప్రయోగశాలలు ఒక్కచోట వున్న పేట దేశం మొత్తం మీద ఎన్ని వుంటాయి? అయినా ఈ పేటలో మనిషి పడుకునే గదిలో వున్న గాలిని ఎవరు కొలిచారయ్యా అంటే, ఒకరి ముఖం ఒకరు చూసుకోవలసి వస్తుంది. దీపం కింద చీకటి అని పెద్దలు వూరికే అనలేదు.

నేను చెప్పబోయేది రేడాన్ అనే వాయువు గురించి. ఈ మాట ఎత్తగానే నాకు ఎదురైన జవాబులు కొన్ని మీతో పంచుకోవాలి. నాచారంలో ఒక ఇంటాయన "రేడానా? మాది ఇండేన్ గ్యాసు బాబూ" అన్నాడు. ఉప్పల్లో ఒక పెద్దాయన కొంచెం ఆలోచించి, "రేడియేషన్ అంటున్నావు కదా, అదంతా మౌలాలి వైపు ఫ్యాక్టరీలోది, ఇక్కడి దాకా రాదులే" అని భరోసా ఇచ్చాడు. మన సైన్సు కాలేజీ మిత్రుడు మాత్రం గ్రూపు సంఖ్య, అణు సంఖ్య, అర్ధాయువు అన్నీ గడగడా చెప్పాడు. "మరి నీ రూములో ఎంత వుంది?" అంటే నవ్వాడు. తెలియని వాడి మాట అలా వుంచండి, తెలిసిన వాడి నవ్వే నన్ను ఈ వ్యాసం రాయించింది.

ముందు సంగతి ఏమిటో చూద్దాం. రేడాన్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. ఏ ఫ్యాక్టరీ గొట్టంలోంచీ రానక్కర్లేదు. అది నేలలో పుడుతుంది. రాళ్ళలో, మట్టిలో అత్యల్పంగా వుండే యురేనియం కోట్ల సంవత్సరాలుగా నెమ్మదిగా విచ్ఛిన్నమవుతూ రేడియంగా మారుతుంది; రేడియం విచ్ఛిన్నమై రేడాన్ అవుతుంది. అంతవరకు ఘనపదార్థాలుగా రాతిలో కదలకుండా కూర్చున్న వంశంలో ఇదొక్కటే వాయువుగా పుట్టింది. కనుక రాతి పగుళ్ళలోంచి, మట్టి సందుల్లోంచి పైకి వస్తుంది. దాని అర్ధాయువు 3.8 రోజులు. నేలలోంచి ఇంట్లోకి రావడానికి ఆ వ్యవధి చాలు. బయలు ప్రదేశంలో అయితే గాలిలో కలిసి పలచబడిపోతుంది. నాలుగు గోడలు, ఒక కప్పు దొరికితే నిలవ వుంటుంది.

థోరియం నుంచి పుట్టే తమ్ముడు ఒకడున్నాడు. పేరు థోరాన్. వాడి అర్ధాయువు ఒక నిమిషం కూడా లేదు. అందుకని నేల లోతుల్లోంచి రాలేడు, గోడల్లోంచి, గచ్చులోంచి వచ్చి అక్కడక్కడే తచ్చాడతాడు.

ఇక మన నేల సంగతి. హైదరాబాదు కూర్చున్నది గ్రానైటు మీద. సుమారు 250 కోట్ల ఏళ్ళనాటి శిల అది. ఉప్పల్లో బోరు వేసినా, నాచారంలో పునాది తవ్వినా, కొంత మొరం తీయగానే బండ తగులుతుంది. బసాల్టు వంటి రాళ్ళతో పోలిస్తే గ్రానైటులో యురేనియం, థోరియం సాధారణంగా ఎక్కువ. నల్లగొండ జిల్లాలో లంబాపూర్, పెద్దగట్టు దగ్గర యురేనియం నిక్షేపాలు దొరికాయనీ, 2003లో అక్కడ గని కోసం ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు జనం ఎదురు తిరిగారనీ మనలో చాలామందికి తెలుసు. ఉప్పల్ కింద యురేనియం గని వుందని నేను చెప్పడం లేదు. రేడాన్ పుట్టడానికి గని అక్కర్లేదు అని చెబుతున్నాను. మామూలు బండ, మామూలు మొరం చాలు.

పైగా మనం ఆ బండ మీద ఇల్లు కట్టి వూరుకోవడం లేదు. ఆ బండనే పిండి చేసి ఇంట్లో పెడుతున్నాం. కంకర అదే. ఏటి ఇసుక దొరకక వాడుతున్న రోబో ఇసుక అంటే క్రషర్లో పిండి చేసిన రాయే కదా. వంటగట్టు మీద నున్నగా మెరిసే గ్రానైటు కూడా ఆ జాతిదే. వీటివల్ల వచ్చేది సాధారణంగా తక్కువే, ఎక్కువ భాగం నేలలోంచే వస్తుంది అని శాస్త్రం చెబుతుంది. బోరు నీటిలో కరిగి వచ్చే రేడాన్ కూడా వుంది గానీ, నీళ్ళు సంపులోనూ పై ట్యాంకులోనూ నిలవుండే సరికి కొంత ఎగిరిపోతుంది, కొంత తనంతట తనే తరిగిపోతుంది. ఏది ఎంత అన్నది మాత్రం ఏ ఇంటికి ఆ ఇంట్లో కొలిస్తేనే తేలే లెక్క.

దీనివల్ల ముప్పేమిటి? రేడాన్ జడవాయువు. పీల్చుకున్నది పీల్చుకున్నట్టే వదిలేస్తాం. అసలు చిక్కు దాని సంతానంతో వుంది. రేడాన్ విచ్ఛిన్నమైతే పొలోనియం, సీసం, బిస్మత్ అనే ఘన కణాలు పుడతాయి. ఇవి గాలిలోని దుమ్మునూ పొగనూ పట్టుకుని వేలాడుతూ వూపిరితిత్తుల్లోకి పోయి గోడలకు అతుక్కుంటాయి. అక్కడే నిమిషాల్లో విచ్ఛిన్నమై ఆల్ఫా కణాలు వదులుతాయి. ఆల్ఫా కణాన్ని ఒక కాగితం ముక్క ఆపేస్తుందని మనం ల్యాబులో చదువుకున్నాం. నిజమే. కానీ వూపిరితిత్తి లోపలి పొరకు అడ్డం పెట్టడానికి కాగితం ముక్క లేదు.

ఈ సంగతి మొదట తెలిసింది గనుల్లో. జర్మనీలో ష్నీబెర్గ్ గని కార్మికులు శతాబ్దాల తరబడి 'కొండజబ్బు'తో చనిపోయేవారు. అది వూపిరితిత్తుల క్యాన్సరు అని 1879లో హార్టింగ్, హెస్సె అనే వైద్యులు తేల్చారు. అప్పటికి రేడాన్ అనే పేరే పుట్టలేదు. గనిలో జరిగేది ఇంట్లో కూడా జరగవచ్చునని లోకానికి తట్టింది 1984 డిసెంబరులో. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో స్టాన్లీ వాట్రాస్ అనే ఇంజనీరు లిమరిక్ అణు విద్యుత్ కేంద్రంలో పనిచేసేవాడు. అక్కడ రేడియేషన్ అలారం అతణ్ణి చూడగానే మోగేది. వెతగ్గా వెతగ్గా, అతను రేడియేషన్‌ను కేంద్రంలోంచి ఇంటికి మోసుకుపోవడం లేదనీ, ఇంట్లోంచి కేంద్రానికి మోసుకొస్తున్నాడనీ తేలింది! అతని ఇంట్లో ఘనపు మీటరుకు దాదాపు లక్ష బెకరెల్ల రేడాన్ వుంది. 'అదంతా మౌలాలి వైపు' అన్న మా ఉప్పల్ పెద్దాయనకు ఈ కథ చెప్పాలని నాకు కోరిక. అణుకేంద్రం గేటు బయట వున్న ఇల్లు అణుకేంద్రం కంటే ప్రమాదకరం కావచ్చునని ఎవరనుకున్నారు?

బెకరెల్ అంటే భయపడనక్కర్లేదు. సెకండుకు ఒక పరమాణువు విచ్ఛిన్నమైతే అది ఒక బెకరెల్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన గ్రంథంలో ఇళ్ళకు ఘనపు మీటరుకు 100 బెకరెల్లు అనే హద్దు సూచించింది. ఏ దేశమైనా అంత తక్కువ సాధ్యం కాదనుకుంటే 300 మాత్రం దాటకూడదంది. మనం అద్దెకుండే పదడుగుల గది తీసుకోండి. పది ఇంటు పది ఇంటు పది, వెయ్యి ఘనపుటడుగులు, అంటే సుమారు 28 ఘనపు మీటర్లు. ఆ గదిలో గాలి సరిగ్గా 100 దగ్గర వుంటే, మనం పడుకున్న ప్రతి సెకండూ గదిలో దాదాపు 2,800 రేడాన్ పరమాణువులు విచ్ఛిన్నమవుతున్నాయన్న మాట. బయట బయలు గాలిలో అయితే ఘనపు మీటరుకు సాధారణంగా 5 నుంచి 15 బెకరెల్లు వుంటుంది.

అపాయం ఎంత అన్నదానికి అంకెలు కూడా వున్నాయి. ఐరోపాలో జరిగిన 13 పరిశోధనలను కలిపి 2005లో ప్రచురించిన లెక్క ప్రకారం, ప్రతి 100 బెకరెల్లకూ వూపిరితిత్తుల క్యాన్సరు ముప్పు సుమారు 16 శాతం పెరుగుతుంది. శాతాలతో జనాన్ని బెదిరించడం నాకిష్టం లేదు కాబట్టి ఇంకో విధంగా చెబుతాను. పొగతాగని వాళ్ళలో 75 ఏళ్ళు వచ్చేసరికి ఈ జబ్బు వచ్చే అవకాశం, రేడాన్ అసలు లేని ఇంట్లో వెయ్యికి నలుగురు. 400 బెకరెల్ల ఇంట్లో వెయ్యికి ఏడుగురు. సిగరెట్టు తాగేవాళ్ళలో అయితే రేడాన్ లేని ఇంట్లోనే నూటికి పదిమంది. 400 వున్న ఇంట్లో పదహారుమంది. అంటే పొగకూ రేడాన్‌కూ చెలిమి ఎక్కువ. హాస్టల్ గది తలుపేసుకుని దమ్ము కొట్టే మిత్రులు ఈ వాక్యం రెండోసారి చదవాలని మనవి.

ఒక అభ్యంతరం నాకు తెలుసు. కేరళలో కరునాగపల్లి తీరం వుంది, అక్కడి ఇసుకలో థోరియం వుంది, తరతరాలుగా జనం బతుకుతున్నారు, 2009లో ప్రచురించిన పరిశోధనలో అక్కడ క్యాన్సరు పెరిగినట్టు కనపడలేదు, ఇక నీ గోలేమిటి అని ఒక లెక్చరర్ గారు నన్ను నిలదీశారు. న్యాయమైన ప్రశ్న. ఆ పరిశోధన చూసింది ముఖ్యంగా నేలనుంచి వచ్చే గామా కిరణాల సంగతి. అది వొంటిని బయటినుంచి తాకేది. రేడాన్ సంతతి వూపిరితిత్తి లోపల కూర్చుని ఆల్ఫా కణాలు కొట్టేది. రెండింటినీ ఒక గాటన కట్టకూడదు. పైగా గామాను తప్పించుకోవాలంటే వూరు వదిలిపెట్టి పోవాలి. రేడాన్ తగ్గించాలంటే ఒక్కోసారి కిటికీ తీస్తే చాలు.

ఇక కొలవడం ఎలా? ఇదేదో కోట్ల రూపాయల యంత్రాల పని అనుకుంటే పొరబాటే. సెల్యులోజ్ నైట్రేట్ పూత వున్న ఎర్రటి ఫిల్ము ఒకటి వుంటుంది, ఎల్.ఆర్.-115 అంటారు. గోరంత ముక్క కత్తిరించి చిన్న డబ్బీలో పెట్టి, గదిలో గోడకు దూరంగా, మనిషి తల ఎత్తుకు పైన వేలాడదీస్తారు. మూడు నెలలు అలాగే వుంచాలి. కరెంటు అక్కర్లేదు, చప్పుడు చెయ్యదు, కంపు కొట్టదు. ఆల్ఫా కణం తగిలిన చోటల్లా ఫిల్ము మీద కంటికి కనపడని గాటు పడుతుంది. తర్వాత దాన్ని 60 డిగ్రీల వేడి వున్న సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో గంటన్నర వుంచితే ఆ గాటు రంధ్రమవుతుంది. రంధ్రాలు లెక్క పెడితే రేడాన్ లెక్క వస్తుంది. రేడాన్‌నూ థోరాన్‌నూ విడివిడిగా కొలిచే డబ్బీలను మన భాభా అణు పరిశోధనా కేంద్రం వారే రూపొందించారు. మన ఉస్మానియా భౌతికశాస్త్ర విభాగపు పరిశోధకులు ఇటువంటి ఫిల్ములతోనే హైదరాబాదు ఇళ్ళలోనూ, నల్లగొండ జిల్లా యురేనియం ప్రాంతపు ఇళ్ళలోనూ రేడాన్ కొలిచారు; పత్రికల్లో ప్రచురించారు. కాబట్టి చేతకాకపోవడం అనే సాకు మనకు లేదు.

మరి లోపం ఎక్కడ? నా వుద్దేశంలో లోపం అంతా ఒక్క చోటే వుంది. పరిశోధన పత్రానికి కావలసింది సగటు. ఇంట్లో వున్న మనిషికి కావలసింది తన గది అంకె. ఈ రెండూ ఒకటి కావు. పేట సగటు యాభై వచ్చిందనుకుందాం. అందులో ఒక ఇల్లు ఇరవై కావచ్చు, ఇంకొకటి మూడు వందలు కావచ్చు. ఒకే గోడకు అటూ ఇటూ వున్న రెండు ఇళ్ళలో కూడా తేడా వుంటుంది. ఒకదాని గచ్చు బీటలు వారి వుండవచ్చు, ఒకదాని కిటికీకి ఎదురుగా కొత్త మేడ లేచి వుండవచ్చు. సగటు లోతు మూడడుగులని చెరువులో దిగినవాడు మునగకుండా వుంటాడా? నగరపు సగటు తెలిసి నిశ్చింతగా వుండటం అలాంటిదే. నగరం పేరు విని బెంబేలెత్తడం కూడా అంతే తెలివితక్కువ. కొలవకుండా భయపడవద్దు, కొలవకుండా ధైర్యంగానూ వుండవద్దు.

ఇంకా అసలు మాట చెప్పాలి. కొలిచేటప్పుడు ఎవరి ఇళ్ళు కొలుస్తాం? సహజంగా తెలిసినవాళ్ళవి. తెలిసినవాళ్ళంటే చదువుకున్నవాళ్ళు, సొంత ఇల్లున్నవాళ్ళు, డబ్బీ వేలాడదీస్తే విసుక్కోకుండా టీ ఇచ్చేవాళ్ళు. ఇందులో తప్పేమీ లేదు గానీ, రేడాన్ పుట్టిల్లు నేల. కనుక అది నేలకు దగ్గరగా వున్నవాడి దగ్గరికి ముందు వస్తుంది. మూడో అంతస్తు కంటే కింది అంతస్తులో, కింది అంతస్తు కంటే సెల్లారులో ఎక్కువ వుండడం సర్వసాధారణం. ఉప్పల్, నాచారం, మల్లాపూర్ ఏ సందులోకైనా పోయి అపార్ట్‌మెంటు చూడండి. అందరికంటే కింద వుండేది ఎవరు? వాచ్‌మన్. కార్లు నిలిపే చోట, మెట్ల కిందనో, ట్రాన్స్‌ఫార్మరు పక్కనో, సంపుకు ఆనుకునో ఒక గది. అందులోనే భార్య, ఇద్దరు పిల్లలు, పొయ్యి, మంచం, పెట్టె. కిటికీ వుంటే అదృష్టం. వున్నా స్కూటరు అడ్డం. స్టిల్టు పార్కింగు నాలుగు వైపులా తెరిచి వుంటే అక్కడ గాలి ఆడుతుంది, నిజమే. కార్లకు గాలి ఆడుతుంది. మూలగదిలో మనుషులకు ఆడుతుందా?

అలాగే నాచారం పారిశ్రామిక వాడ చుట్టుపక్కల వెనక పోర్షన్లు. ఇంటాయన పైన వుంటాడు. కింద వరుసగా ఒక్కో గది, ముందు తలుపు తప్ప వెనక దారి లేదు. షిఫ్టు చేసి వచ్చినవాడు పగలు తలుపేసుకుని పడుకుంటాడు. పిల్లతల్లి, ముసలమ్మ రోజంతా అందులోనే. రేడాన్ మోతాదు అంటే గాలిలో వున్న అంకె ఒక్కటే కాదు, ఆ గాలిలో గడిపిన గంటలు కూడా. ఆఫీసుకు పోయి వచ్చేవాడికంటే ఇంట్లో వుండే ఆడమనిషి ఎక్కువ పీలుస్తుంది. ఈ గదుల్లో రేడాన్ ఎక్కువగా వుందని నేను తీర్పు చెప్పడం లేదు. కొలవకుండా తీర్పు చెబితే నేను చదివిన ఫిజిక్సుకు అవమానం. కొలత మొదలుపెట్టవలసిన చోటు మాత్రం ఇదే అంటున్నాను.

"అయ్యా, వాళ్ళకు నీళ్ళు లేవు, పని గ్యారంటీ లేదు, నువ్వు రేడాన్ అంటావా?" అని అడిగేవాళ్ళున్నారు. నాక్కూడా ఆ మాట గుచ్చుకుంటుంది. కానీ జవాబు వుంది. పొయ్యి పొగ, తడి గోడల బూజు, క్షయ క్రిములు, రేడాన్, వీటన్నిటికీ మందు చాలా వరకు ఒకటే. గాలి ఆడాలి. రేడాన్ అంకె ఆ గదికి గాలి లేదనడానికి సాక్ష్యం. "కిటికీ పెట్టించండి" అని వాచ్‌మన్ అడిగితే అసోసియేషన్ వాళ్ళు వినరు. యూనివర్సిటీ ముద్ర వున్న కాగితం మీద అంకె వుంటే, వినకపోవడం కొంచెం కష్టమవుతుంది. పేదవాడి మాటకు బలం ఇవ్వడానికి సైన్సు పనికి రాకపోతే ఇంక దేనికి పనికొస్తుంది?

కిటికీ తెరవండి అని చెప్పడం సులభం. కానీ ఆ కిటికీ మూయించింది ఎవరు? మూసీ వొడ్డు నుంచి రామంతాపూర్, ఉప్పల్ దాకా సాయంత్రం అయిదు కొట్టగానే టపటపా తలుపులు పడతాయి, దోమలకు భయపడి. నాచారం వైపు కొన్ని రాత్రులు రసాయనాల వాసనకు భయపడి. చలికాలంలో చలికి. కాస్త డబ్బున్న చోట ఏ.సి. చల్లదనం పోతుందని. మన దేశపు ఇళ్ళలో రేడాన్ సాధారణంగా చలికాలంలో హెచ్చుగా, కిటికీలు బార్లా తెరిచే రోజుల్లో తక్కువగా వుంటుందని పరిశోధనలు చెబుతున్నాయి. అంటే ఈ లెక్కలో భూగర్భమే కాదు, మురికి కాలువ కూడా వుంది. బండ మనం పెట్టింది కాదు, మార్చలేం. దోమల్ని పెంచిన మురుగు మాత్రం మన చేతి పనే. నేల చేసే దానికి నేలను తిట్టి, మునిసిపాలిటీ చేయని దాన్ని మరచిపోతే న్యాయం కాదు.

ఇంటి యజమానుల భయం కూడా అర్థం చేసుకోవాలి. అంకె ఎక్కువ వచ్చిందని తెలిస్తే అద్దెకు ఎవరొస్తారు, అమ్మబోతే ఎవరు కొంటారు అని వాళ్ళ బెంగ. ఇల్లు రిజిస్ట్రేషనుకు పోయినప్పుడు రేడాన్ కాగితం ఎవరూ అడగడం లేదు కదా, కొరివితో తల గోక్కోవడం ఎందుకని. వాళ్ళకు చెప్పవలసిన మాట ఒకటుంది. రేడాన్ ఇంటికి పట్టిన శని కాదు, మరమ్మతుకు లొంగే లోపం. గచ్చు బీటలు, పైపులు లోపలికి వచ్చే సందులు సిమెంటుతో మూయించాలి. ఎదురెదురుగా రెండు వెంటిలేటర్లు పెట్టించాలి. ఎగ్జాస్టు ఫ్యాను ఒక్కటే పెట్టి కొత్త గాలి వచ్చే దారి వుంచకపోతే, అది నేలలోంచే ఇంకా లాగవచ్చు. కాబట్టి రెండో దారి తప్పనిసరి. మరీ ఎక్కువ వున్న చోట గచ్చు కింది నుంచి ఒక పైపు వేసి చిన్న ఫ్యానుతో ఆ గాలిని కప్పు పైకి వదిలేస్తారు. లక్ష బెకరెల్లు వున్న వాట్రాస్ ఇల్లే బాగుపడి ఆ కుటుంబం మళ్ళీ అందులోకి వచ్చింది. మన ఇళ్ళు అంతకంటే మొండివా?

అందుకని మన విద్యార్థి సంఘం ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. ప్రతి సంవత్సరం సంఘం వాళ్ళు రక్తదానం పెడతారు, చెట్లు నాటుతారు. మంచిదే. దానితో పాటు ఈ సంవత్సరం వంద గదులు కొలుద్దాం. ఉప్పల్లో యాభై, నాచారంలో యాభై. అందులో కనీసం సగం వాచ్‌మన్ గదులు, వెనక పోర్షన్లు, కింది అంతస్తు ఒంటి గదులు కావాలి. చలికాలం మూడు నెలలు ఒకసారి, ఎండాకాలం మూడు నెలలు ఒకసారి. ఫిల్ములు, రసాయనాలు, లెక్కింపు పని ఫిజిక్సు విభాగం వారిని అడుగుదాం. అక్కడ ఆ విద్య వుంది. డబ్బీలు వేలాడదీయడం, ఇంటింటికీ తిరిగి చెప్పడం మన పని. ఆర్ట్సు కాలేజీ మిత్రులు రావాలి, ఎందుకంటే గడప దగ్గర నిలబడి మనిషితో మాట్లాడే విద్య మా ఫిజిక్సు వాళ్ళకు తక్కువ.

మూడు షరతులు మాత్రం పెట్టుకోవాలి. ఒకటి, ఎవరి ఇంటి అంకె వాళ్ళకే చెప్పాలి. పేరు, ఇంటి నెంబరు బయట పెట్టకూడదు. రెండు, చెప్పే కాగితం తెలుగులో, ఉర్దూలో, అవసరమైతే హిందీలో వుండాలి. అంకె ఒక్కటీ రాసి వదిలేయకుండా, దాని అర్థమేమిటో, ఏం చేస్తే తగ్గుతుందో నాలుగు వాక్యాలు రాయాలి. వంద లోపు వుంటే నిశ్చింత. వంద, మూడు వందల మధ్య వుంటే గాలి దారి చూసుకోవాలి. మూడు వందలు దాటితే మళ్ళీ కొలిచి, మరమ్మతు అయ్యేదాకా మనం వెంట వుండాలి. మూడు, అద్దెకున్న వాడి కాగితం అద్దెకున్న వాడి చేతికే ఇవ్వాలి. యజమానికి కూడా ఇవ్వవచ్చు గానీ, యజమానికి ఇచ్చి వూరుకోకూడదు. ఆ గాలి పీల్చేది ఎవరో, ఆ అంకె వాళ్ళది.

లెక్చరర్లకు ఒక మనవి. ప్రతి ఏటా మీ పర్యవేక్షణలో థీసిస్సులు వస్తున్నాయి. కొలత కోసం గడప తొక్కిన ప్రతి ఇంటికీ ఫలితం చేరిందని ఒక చిన్న పేజీ థీసిస్సు చివర చేర్పించండి. ఆ పేజీ లేకపోతే థీసిస్సు పూర్తికాలేదని అనండి. పూర్వ విద్యార్థులకు ఇంకో మనవి. మీలో ఎంతోమంది ఎన్.జి.ఆర్.ఐ. లోనో, ఇ.సి.ఐ.ఎల్. లోనో, ఈ చుట్టుపక్కల అపార్ట్‌మెంటు అసోసియేషన్లలో ప్రెసిడెంట్లుగానో వున్నారు. మీ ఫ్లాటు కొలిపించుకోండి, తప్పులేదు. కానీ మీ సెల్లారు తాళంచెవి కూడా మాకివ్వండి.

రేడాన్ వల్ల రేపే ఎవరో పడిపోరు. ముప్పై, నలభై ఏళ్ళ తర్వాత ఆసుపత్రిలో ఎక్స్‌రే పట్టుకుని నిలబడ్డ మనిషికి, తను చిన్నప్పుడు పడుకున్న మెట్ల కింద గది గుర్తుకు కూడా రాదు. డాక్టరుకూ తెలియదు. అందుకే ఈ గాలి మీద ఎవరూ కేసు పెట్టరు, ఎవరూ ధర్నా చెయ్యరు, ఏ ఎన్నికల్లోనూ ఇది మాట కాదు. ఇలాంటి విషయాలను పట్టించుకోవలసింది ఇంకెవరు? ముందే లెక్క తెలిసినవాళ్ళు. ఆ లెక్క ప్రజలు కట్టిన పన్నులతో మనకు నేర్పించారు. వచ్చే చలికాలం లోపల మొదటి వంద డబ్బీలు వేలాడాలి. ఫిజిక్సు విభాగం నోటీసు బోర్డు దగ్గర ఒక కాగితం అతికిస్తున్నాను. సిద్ధంగా వున్నవాళ్ళు పేరు రాయండి. మొదటి పేరు నాది.